రావలసిన దంతం రానప్పుడు

గోళ్ళను, వెంట్రుకలను మినహాయిస్తే మానవ శరీరంలో ఒకసారి ఊడిపోయి, ఆ స్థానంలోనే మరల మొలిచే భాగం దంతం ఒక్కటే. పక్షి మొదట గ్రుడ్డుగా, ఆ తరువాత పిల్లగా రెండుమార్లు పుడుతుంది గనుక దానిని ద్విజమన్నారు. దంతానికి కూడ సంస్కృతంలో అదే పేరు. పాలపన్ను ఊడినప్పుడు దానిని పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసరివేయడం మన పల్లెల్లో ఉన్న ఆచారం. ఆ రెండవ జన్మ సక్రమంగా జరగాలనే కోరిక అందులో ఉంది.

అయితే కొందరు పిల్లల్లో ఆ రెండవ జన్మ జరగదు. పదునాలుగు, పదిహేను సంవత్సరాలు వచ్చినా ఒక పన్ను చిగురులోనే దాగి ఉండిపోతుంది. దాని స్థానంలో పాలపన్నే నిలిచి ఉంటుంది, లేదా ఖాళీ కనబడుతుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. నొప్పి లేనిది రోగమే కాదన్న భావంతో తల్లిదండ్రులు ఎదురుచూస్తూ ఉంటారు. ఈ ఎదురుచూపు ఎంతవరకు తగును, ఎప్పుడు తగదు, ఎవరి వద్దకు వెళ్ళాలి అన్న విషయాలను పాఠకులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్రం చెప్పిన లెక్క

ఆయుర్వేదంలో బాలవైద్యానికి ప్రమాణగ్రంథం కాశ్యప సంహిత. అందులో దంతజన్మకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ముప్పదిరెండు దంతాలలో ఎనిమిది ఒకేసారి మొలిచేవని, తక్కినవి ద్విజాలని కాశ్యపుడు విభజించాడు. పైదవడ మధ్యలోని రెండు పళ్ళను రాజదంతాలన్నాడు. వాటి ప్రక్కనున్నవి బస్తాలు, ఆ తరువాతవి దంష్ట్రలు, అనగా మనం కోరపళ్ళనేవి. వెనుకనున్న నములుడు పళ్ళు హానవ్యాలు. ఆడపిల్లలకు దంతాలు త్వరగా, తక్కువ బాధతో వస్తాయని కూడ ఆయన గమనించాడు. ఆడపిల్లలకు శాశ్వత దంతాలు మగపిల్లల కంటె కొన్ని నెలలు ముందుగా వస్తాయని నేటి దంతవైద్యులు సైతం అంగీకరిస్తారు.

ఆ అధ్యాయంలోనే ఒక లెక్క ఉంది. శిశువుకు ఏ నెలలో ఏ పన్ను మొలుస్తుందో, అన్ని సంవత్సరాల వయస్సులో అది ఊడి మరల మొలుస్తుందని దాని భావం. ముందుపళ్ళ విషయంలో ఈ లెక్క చాలవరకు సరిపోతుంది. క్రింది ముందుపళ్ళు ఆరేడు నెలలకు వస్తే, ఆరేడు సంవత్సరాలకు వాటి స్థానంలో శాశ్వత దంతాలు వస్తాయి. కాని ఇదే లెక్కను కోరపళ్ళకు వర్తింపజేయరాదు. పాల కోరపన్ను సుమారు 16 నుండి 22 నెలల మధ్య మొలుస్తుంది. శాశ్వతమైన పై కోరపన్ను మాత్రం 11, 12 సంవత్సరాలకే రావాలి. పదహారవ నెలలో వచ్చింది గనుక పదహారవ ఏటి వరకు ఆగవచ్చునని చెప్పేవారు నాకు తారసపడ్డారు. అది శాస్త్రవాక్యాన్ని దాని పరిధి దాటించి వాడడమే అవుతుంది. ఋషివాక్యాన్ని గౌరవించడమంటే ప్రత్యక్షంగా కనబడుతున్న దానిని కాదనడం కాదు. ప్రత్యక్షం కూడ మన శాస్త్రానికి ఒక ప్రమాణమే.

ఏ పన్ను ఎప్పుడు రావాలి?

ప్రతి ఇంటిలోను గుర్తుంచుకోదగిన వయస్సులివి. మొదటి పెద్ద దవడపళ్ళు, క్రింది మధ్య ముందుపళ్ళు 6, 7 సంవత్సరాలకు వస్తాయి. పై మధ్య ముందుపళ్ళు 7, 8 సంవత్సరాలకు, వాటి ప్రక్కవి 8, 9 సంవత్సరాలకు వస్తాయి. క్రింది కోరపళ్ళు 9, 10 ఏళ్ళకు, చిన్న దవడపళ్ళు 10 నుండి 12 ఏళ్ళకు, పై కోరపళ్ళు 11, 12 ఏళ్ళకు, రెండవ పెద్ద దవడపళ్ళు 11 నుండి 13 ఏళ్ళకు వస్తాయి. జ్ఞానదంతాలకు 17 నుండి 25 ఏళ్ళ వరకు గడువు ఉంది. కొందరికి అవి అసలు రావు. దానివల్ల లోపమేమీ లేదు.

కొన్ని నెలలు అటునిటుగా రావడం సహజం. సంవత్సరాల లెక్క కంటె విశ్వసించదగిన గుర్తు మరొకటి ఉంది. ఒక ప్రక్క పన్ను వచ్చి ఆరు నెలలు దాటినా, రెండవ ప్రక్క అదే పన్ను రాకపోతే పరీక్ష చేయించాలి. ప్రకృతి మన శరీరాన్ని కుడియెడమలుగా జతగా నిర్మించింది. ఆ జత తప్పినప్పుడు లోపల ఏదో అడ్డు ఉన్నదని అనుమానించడం వైద్యుని ధర్మం.

ఎందుకు ఆగిపోతుంది?

కారణాలు అనేకం. అన్నింటికంటె ఎక్కువగా కనబడేది దారి తప్పడం. పై కోరపన్ను దవడలో చాలా ఎత్తున, దాదాపు ముక్కు ప్రక్కన తయారవుతుంది. అక్కడినుండి అది చేయవలసిన ప్రయాణం తక్కిన పళ్ళ కంటె దూరం. చుట్టుప్రక్కల పళ్ళన్నీ వచ్చిన తరువాత తనకు మిగిలిన ఇరుకు స్థలంలోకి అది దిగాలి. అందువల్లనే జ్ఞానదంతాల తరువాత ఎక్కువగా చిక్కుకుపోయే దంతం ఇదే. సుమారు నూటికి ఇద్దరిలో ఈ స్థితి ఉంటుంది. ఆడపిల్లల్లో మరి కొంత ఎక్కువ.

రెండవ కారణం దారిలో అడ్డు. కొందరికి అధికంగా ఒక పన్ను పుడుతుంది. సుశ్రుతుడు దంతమూల రోగాలలో వర్ధనమనే పేరుతో ఇటువంటి అధికదంతాన్ని వర్ణించాడు. చికిత్స కూడ స్పష్టంగా చెప్పాడు. దానిని పెకలించి, ఆ స్థానాన్ని అగ్నితో కాల్చమన్నాడు. పూతలతో, కషాయాలతో అది కరగిపోతుందని ఆయన చెప్పలేదని పాఠకులు గమనించాలి. నీటిబుడ్డ వంటి తిత్తి, ఊడవలసిన కాలంలో ఊడని పాలపన్ను, పుచ్చి ముందే తీయించిన పాలపన్ను వల్ల మూసుకుపోయిన స్థలం, చిన్నతనంలో పడి తగిలిన దెబ్బ కూడ ఈ కోవలోనివే.

మూడవది, అసలు ఆ దంతబీజమే లేకపోవడం. పై ప్రక్క ముందుపళ్ళు, రెండవ చిన్న దవడపళ్ళు ఇలా పుట్టుకతోనే లేకపోవడం కొన్ని వంశాలలో కనబడుతుంది. నాలుగవది దేహమంతటికి సంబంధించినది. ఒకటి రెండు పళ్ళు గాక చాలా పళ్ళు ఆలస్యమై, బిడ్డ ఎత్తు పెరగక, మందకొడిగా ఉంటే థైరాయిడ్ గ్రంథిని పరీక్షించాలి. రికెట్స్ వ్యాధిలోను దంతజన్మ ఆలస్యమవుతుంది. ఐదవది అరుదైనది. దారిలో అడ్డేమీ లేకున్నా వెనుక దవడపళ్ళు పైకి రావు. ఇది కుటుంబాలలో వస్తుంది. ఈ స్థితిలో క్లిప్పులు వేసి లాగితే పన్ను ఎముకకు అతుక్కుపోయే ప్రమాదం ఉంది. కనుకనే కారణం తెలియకుండా చికిత్స ఆరంభించరాదు.

ఇక మన రాయలసీమలో అందరూ మొదట అనుమానించేది నీళ్ళను. ఫ్లోరిన్ నీళ్ళవల్ల పళ్ళమీద గోధుమరంగు మచ్చలు, గుంటలు ఏర్పడతాయి. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు హానికరమని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించింది. అయితే ఆ దోషం వచ్చిన పళ్ళ రూపాన్ని చెరుపుతుంది. ఒకవైపు కోరపన్ను వచ్చి, రెండవవైపు కోరపన్ను మాత్రమే దాగి ఉండడానికి నీళ్ళను నిందించి ప్రయోజనం లేదు. రెండు ప్రక్కలకూ అందినవి ఆ నీళ్ళే కదా!

మన ముగ్గురాయి చెప్పే రహస్యం

మంగంపేట పేరు చెప్పగానే అందరికీ స్ఫురించేది ముగ్గురాయి. ఒకేచోట ఇంత నిక్షేపం ప్రపంచంలో మరెక్కడా లేదని ప్రసిద్ధి. ఈ రాయి బేరియం సల్ఫేటు. నీటి కంటె నాలుగున్నర రెట్లు బరువైనది. ఎక్స్‌రే కిరణాలు దీనిని దాటి పోలేవు. జీర్ణకోశ పరీక్షకు ముందు రోగిచేత త్రాగించే తెల్లని ద్రవంలో ఉండేది శుద్ధి చేసిన ఈ పదార్థమే. ఎక్స్‌రే గదుల గోడలకు పూసే గారలో సైతం దీనిని కలుపుతారు.

దంతం విషయంలోను సూత్రం అదే. మెత్తని చిగురును ఎక్స్‌రే కిరణాలు సులభంగా దాటుతాయి. సున్నపు ధాతువు దట్టంగా ఉన్న దంతం వాటిని అడ్డగిస్తుంది గనుక తెల్లగా కనబడుతుంది. రాంట్‌జెన్ ఈ కిరణాలను కనుగొన్నది 1895లో. అంతకుముందు వైద్యునికి వ్రేలిస్పర్శ, ఊహ మాత్రమే ఆధారాలు. ఇప్పుడు రెండు దవడలూ ఒకే చిత్రంలో కనబడే ఓ.పి.జి. అనే ఎక్స్‌రే ఉంది. పన్ను ఉన్నదా లేదా, ఉంటే ఎటు వాలింది, వేరు ఎంతవరకు తయారైంది అన్నది దానిలో తెలుస్తుంది. ప్రక్క పంటి వేరును అది తాకుతున్నట్లు అనుమానం ఉంటే మూడు కొలతలలో చూపే సి.బి.సి.టి. పరీక్ష చేస్తారు. ఈ పరీక్ష లేకుండా రాని పంటికి మందు ఇవ్వడం చీకటిలో బాణం వేయడమే.

నొప్పి లేకపోయినా నష్టం ఉంటుంది

కొన్నేళ్ళ క్రితం ముగ్గురాయి పొడి చేసే మిల్లులో పనిచేసే ఒక తండ్రి, తల్లి తమ కుమార్తెను నా వద్దకు తీసుకువచ్చారు. పదవ తరగతి చదువుతున్న పదిహేనేళ్ళ బాలిక. "పాప నవ్వాలంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటాంది సామీ. పన్ను వచ్చేదానికి యేదన్నా మందియ్యండి" అన్నది తల్లి. కుడిప్రక్క పై కోరపన్ను వచ్చి మూడేళ్ళయింది. ఎడమప్రక్క ఇంకా పాలపన్నే ఉంది. చిగురు వెలుపల తడిమి చూస్తే ఉబ్బు తగలలేదు. అంగిలివైపు మాత్రం కొద్దిగా గట్టిగా తగిలింది. "అమ్మా, పన్ను లోపల పడుకొని ఉంది. దానిని లేపే మందు నా వద్ద లేదు, లేపగలిగినవారు ఉన్నారు" అని చెప్పి పంపించాను.

ఎక్స్‌రేలో ఆ కోరపన్ను అంగిలిలో ఏటవాలుగా పడుకొని, దాని కొన ప్రక్కనున్న ముందుపంటి వేరును ఆనుకొని ఉంది. ఆ వేరు చివర అప్పటికే కొంత అరిగిపోయింది. బిడ్డకు ఏనాడూ నొప్పి లేదు. మరో రెండేళ్ళు ఆగి ఉంటే, రాని పంటితోపాటు వచ్చిన పన్ను కూడ పోయే స్థితి. చికిత్స రెండేళ్ళకు పైగా సాగింది. కోరపన్ను తన చోటికి వచ్చింది. ముందుపన్ను నిలిచింది.

ఇరవై నాలుగేళ్ళ యువకుడొకడు ఇదే స్థితిలో వచ్చాడు. పెళ్ళిచూపుల ముందు పాలపన్ను ఊడిపోవడంతో అతనికి విషయం తెలిసింది. అతని కోరపన్ను ఎముకతో ఏకమైపోయింది. ప్రక్క పంటి వేరు సగం కరగింది. రెంటినీ తీసివేసి కృత్రిమ దంతాలు పెట్టవలసివచ్చింది. ఇద్దరికీ వచ్చినది ఒకటే లోపం. తేడా తొమ్మిదేళ్ళ కాలం.

కషాయంతో పన్ను వస్తుందా?

ఈ ప్రశ్న నన్ను తరచుగా అడుగుతారు. ఆయుర్వేద వైద్యునిగా నా సమాధానం సూటిగా చెబుతాను. ఎముకలో చిక్కుకొన్న, దారి తప్పిన దంతాన్ని దారికి తెచ్చే ఔషధం లేదు. సుశ్రుతుడు అస్థులను ఐదు విధాలుగా విభజించి దంతాలను రుచకాస్థులన్నాడు. అస్థిధాతువుకు పుష్టినిచ్చే ఆహారం, ఔషధం మనకు ఉన్నాయి. అవి ధాతువును పోషిస్తాయి గాని పంటి దిశను మార్చలేవు. అడ్డదిడ్డంగా పడిన దూలానికి ఎంత నూనె రాసినా అది నిలువుగా లేవదు.

చిగురును సూదితో, గోటితో చీల్చడం, జిల్లేడు పాలు రాయడం కొన్ని పల్లెల్లో ఇప్పటికీ ఉంది. జిల్లేడు పాలు నోటిలోని పొరను పుండు చేస్తాయి. అవి చిగురును కాల్చుతాయే గాని ఎముకలో ఉన్న పంటిని చేరవు. దయచేసి ఆ పని చేయకండి.

రోగిని మరొకరి వద్దకు పంపడం మన వైద్యానికి చిన్నతనమని కొందరు భావిస్తారు. చరకుడు కాయచికిత్సకు ఆచార్యుడు. గుల్మవ్యాధి పక్వమై శస్త్రచికిత్స అవసరమైనప్పుడు అది ధన్వంతరి సంప్రదాయపు శస్త్రవైద్యుల అధికారమని ఆయనే నిర్దేశించాడు. ఒక్క శాస్త్రం మాత్రమే చదివినవాడు నిర్ణయం చేయలేడని సుశ్రుతుడు హెచ్చరించాడు. తన హద్దు ఎరుగడం కూడ గురుకులంలో మేము నేర్చుకొన్న విద్యలో భాగమే.

నిపుణుడు ఏమి చేస్తాడు?

పళ్ళ వరుసను, దవడల అమరికను సరిదిద్దే దంతవైద్యుని ఆర్థోడాంటిస్టు అంటారు. ఐదేళ్ళ బి.డి.ఎస్. తరువాత మూడేళ్ళు ఎం.డి.ఎస్.లో ఈ ఒక్క విషయాన్నే అభ్యసించినవారు వీరు. ప్రతి దంతవైద్యుడూ ఆర్థోడాంటిస్టు కాడు.

బిడ్డ వయస్సు 10 నుండి 13 ఏళ్ళ మధ్య ఉండి, స్థలం చాలినంత ఉంటే, ఒక్కొక్కప్పుడు పాల కోరపంటిని తీసివేయడమే చాలు. స్వీడన్‌లో ఎరిక్సన్, కురోల్ అనే వైద్యులు 1988లో ప్రకటించిన పరిశీలనలో, అంగిలివైపు దారి తప్పిన 46 కోరపళ్ళలో 36 పళ్ళు ఈ ఒక్క ఉపాయంతోనే సరైన దారికి వచ్చాయి. త్వరగా వెళ్ళడం వల్ల కలిగే లాభం ఇది. పదిహేనేళ్ళకు ఈ సులభమార్గం దాదాపు మూసుకుపోతుంది.

ఆ వయస్సు దాటితే మార్గం దీర్ఘమైనది. మొదట క్లిప్పులు వేసి పంటికి కావలసిన చోటు కల్పిస్తారు. తరువాత మత్తుసూది ఇచ్చి, చిగురును తెరచి, దాగిన పంటిమీద చిన్న గుండీ అతికించి, దానికి సన్నని గొలుసు తగిలిస్తారు. ఆ గొలుసును క్లిప్పుల తీగకు కట్టి అతి మెల్లగా లాగుతారు. లాగుడు తగిలినవైపు ఎముక కరగుతూ, వెనుకవైపు కొత్త ఎముక ఏర్పడుతూ పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు కదులుతుంది. బలంగా లాగితే వేరు దెబ్బతింటుంది. నాలుగైదు వారాలకొకసారి వెళ్ళాలి. మొత్తం ఏడాదిన్నర నుండి రెండున్నరేళ్ళు పట్టవచ్చును. అంతా అయిన తరువాత పళ్ళు వెనుకకు పోకుండా రిటెయినర్ అనే అమరికను చాలాకాలం ధరించాలి. మధ్యలో మానివేస్తే శ్రమ, ధనం రెండూ వృథా.

దంతబీజమే లేనివారికి ఖాళీని మూయడమా, కృత్రిమ దంతం పెట్టడమా అన్నది నిర్ణయిస్తారు. ఎముకలో మర బిగించి పెట్టే ఇంప్లాంటు దవడ ఎదుగుదల పూర్తికాని పిల్లలకు పనికిరాదు.

ఎక్కడికి వెళ్ళాలి? ఏమి అడగాలి?

మన ప్రాంతంవారికి కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. తిరుపతిలో సి.కె.ఎస్. తేజ దంతవైద్య కళాశాల, కర్నూలులో జి. పుల్లారెడ్డి దంతవైద్య కళాశాల ఉన్నాయి. దంతవైద్య కళాశాలల్లో ఆర్థోడాంటిక్స్ విభాగం, నోటి శస్త్రచికిత్స విభాగం ఒకే ఆవరణలో ఉంటాయి. దాగిన పంటికి ఈ ఇద్దరి సహకారమూ కావాలి గనుక అది పెద్ద సౌకర్యం. కళాశాలలలో ఖర్చు సాధారణంగా బయటి కంటె తక్కువ. సమయం మాత్రం ఎక్కువ పట్టవచ్చును.

వెళ్ళినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. పన్ను లోపల ఉన్నదా, లేదా? ఎటు వాలి ఉంది? ప్రక్క పంటి వేరుకు హాని జరిగిందా? లాగితే వచ్చే అవకాశం ఎంత? రాకపోతే రెండవ మార్గమేమిటి? మొత్తం ఎన్ని నెలలు, ఎంత ఖర్చు? ఎక్స్‌రే చూడకుండానే పాలపన్ను తీసివేస్తామన్నా, దాగిన పన్ను తీసి కృత్రిమ దంతం పెడతామన్నా తొందరపడక మరొక నిపుణుని అభిప్రాయం తీసుకోండి. లోపల పన్ను లేనివారికి ఆ పాలపన్నే ఎన్నో ఏళ్ళు ఉపయోగపడే ఆస్తి.

ఇంటివద్ద చేయదగినవి

ఔషధం పంటిని లాగలేదన్నాను గాని, చికిత్సాకాలంలో నోటిని కాపాడడంలో గృహవైద్యానికి మంచి స్థానం ఉంది. శస్త్రచికిత్స జరిగిన రోజున పుక్కిలించరాదు. మరునాటినుండి గోరువెచ్చని ఉప్పునీరు మేలు. గాయం మానిన తరువాత, వైద్యుని అనుమతితో, త్రిఫల కషాయంతో పుక్కిలించవచ్చును. ఒక చెంచా త్రిఫల చూర్ణాన్ని రెండు గ్లాసుల నీటిలో వేసి అరగ్లాసు మిగిలేవరకు కాచి, వడగట్టి, గోరువెచ్చగా వాడాలి. ఇది చిగుళ్ళ వాపును, దుర్గంధాన్ని తగ్గిస్తుంది. ఆరోగ్యవంతమైన నోటికి నువ్వులనూనె గండూషం కూడ మంచిదే. పుక్కిలించిన నూనెను మ్రింగరాదు.

వేప, కానుగ పుల్లలు శ్రేష్ఠమైనవే అయినా, క్లిప్పులున్నంతకాలం వాటిని నమలకూడదు. తీగలు వంగుతాయి. మెత్తని బ్రష్షుతో ప్రతి భోజనం తరువాత తోముకోవాలి. చెరకు నమలడం, పల్లీచెక్క, వేయించిన శనగలు, ఎముకలు కొరకడం మానాలి. అదృష్టవశాత్తు మన రాయలసీమ భోజనమే ఈ స్థితికి పథ్యం. రాగిసంగటి నమలనవసరం లేనిది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పలుచని పప్పు, మజ్జిగ, మెత్తగా ఉడికిన ఆకుకూర తోడైతే అస్థిధాతువుకు కావలసినది అందుతుంది.

చివరగా ప్రతి తల్లికి, తండ్రికి ఒక చిన్న పరీక్ష చెబుతాను. బిడ్డకు పదేళ్ళు నిండిన తరువాత ఒకనాడు వెలుతురులో కూర్చోబెట్టి, చేతులు కడుక్కొని, పై కోరపంటికి ఎగువన చిగురు వెలుపలి భాగాన్ని చూపుడు వ్రేలితో రెండు ప్రక్కల తడమండి. వచ్చే పన్ను చింతగింజంత ఉబ్బుగా తగులుతుంది. రెండు ప్రక్కల తగిలితే నిశ్చింతగా ఉండండి. పదకొండేళ్ళు వచ్చినా తగలకపోయినా, ఒక ప్రక్కే తగిలినా, ఆ నెలలోనే దంతవైద్యుని చూడండి. అర నిమిషం పట్టే ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.